గుమాస్తా, పసుపు లైటు

రాజోలు దగ్గర ఒక కొబ్బరి వ్యాపారి ఉండేవాడు. కాలవ గట్టున కొట్టు, లంకల్లో కౌలు తోటలు, తిరగడానికి ఒక పెట్రోలు కారు ఉండేవి. కొట్టులో చాలా ఏళ్లుగా ఒక గుమాస్తా లెక్కలు రాసేవాడు. ఒక వేసవిలో ఆ గుమాస్తా రోజూ సాయంత్రం ఒకే మాట చెప్పడం మొదలుపెట్టాడు. దింపు కాయలు రాశి పోసినప్పటి లెక్కకీ, లారీకెత్తేటప్పటి లెక్కకీ తేడా వస్తోందని, కాయలు తగ్గుతున్నాయని. వినీ వినీ వ్యాపారికి విసుగొచ్చింది. లెక్క చేతకాని మనిషని అతన్ని మాన్పించి, ఒక కుర్రాణ్ని పెట్టుకున్నాడు.

ఆ ఏడు గోదావరికి వరదొచ్చింది. నీరు పూర్తిగా తీయకముందే వ్యాపారి కనకాయలంక కాజ్‌వే మీదుగా కారు పోనిచ్చాడు. అప్పటికే చాలా దూరం నడిచి ఇంజిన్ కాగి ఉంది. దాని మీదికి చల్లటి వరదనీళ్లు ఎగజిమ్మాయి. కారు ఆగకుండా గట్టెక్కింది గానీ, కొన్నాళ్లకే మీటర్ల దగ్గర చెక్ ఇంజిన్ లైటు పసుపుపచ్చగా వెలిగింది. మైలేజీ పడిపోయింది, పెట్రోలు వాసన కొట్టింది.

వ్యాపారి ముందు లైటు మీద నల్ల టేపు అంటించాడు. పెట్రోలు ఖర్చు పెరుగుతూ పోయేసరికి అమలాపురంలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాడు. స్కానర్ పెడితే పి0171 అనే కోడ్ వచ్చింది. గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైందని దాని అర్థం. షెడ్డువాళ్లు కోడ్ చెరిపేశారు. లైటు ఆరింది, మళ్లీ వెలిగింది. ఈసారి మరో షెడ్డులో ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. పొగగొట్టంలో కూర్చుని, కాలిన పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే చిన్న పరికరం అది. 1976లో బాష్ కంపెనీ వోల్వో కార్లకు అమర్చింది మొదలు ఇది లోకమంతా పాకింది. కొన్ని వేలు పోసి కొత్త సెన్సర్ వేయించాడు. లైటు మళ్లీ వెలిగింది. అదీ నాసిరకమని తీయించి ఇంకొకటి వేయించాడు. ఆ మూడో సెన్సర్ కూడా మొదటిది చెప్పిన మాటే చెప్పింది.

చివరికి ఎవరో చెబితే కొత్తపేటలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఆయన స్కానర్ ముట్టుకోలేదు. కారును రాత్రంతా షెడ్డులోనే ఉంచమన్నాడు. తెల్లారి ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించి, పక్కన నిలబడి విన్నాడు. టిక్కుటిక్కుమని సన్నటి చప్పుడు వినిపించింది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఇనుము సాగి, ఆ చప్పుడు మాయమైంది. అందుకే పగటిపూట చూసినవాళ్లెవరికీ అది వినపడలేదు. ఇంజిన్ పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో, పొగ ఇంజిన్ నుంచి బయటికొచ్చే మానిఫోల్డ్ మీద సబ్బునీళ్లు చల్లాడు. సెన్సర్‌కి కాస్త ముందు ఒకచోట బుడగలు లేచాయి. దాని చుట్టూ మసి మరక ఉంది.

కాగిన ఇనుము మీద వరదనీళ్లు పడినప్పుడు అక్కడ వెంట్రుకవాసి పగులు పడింది. పొగ దడదడమని వెళ్లే మధ్య విరామాల్లో ఆ పగులు బయటి గాలిని లోపలికి పీల్చుతోంది. సెన్సర్ తన దాకా వచ్చిన గాలి లెక్కే చెప్పింది. కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు ఎక్కువ పోసింది. సెన్సర్లు పాడవవని కాదు. ముసలివైపోతాయి, లోపలి హీటరు కాలిపోతుంది, ఎలకలు వైర్లు కొరుకుతాయి. హీటరు పోతే పి0135 లాంటి వేరే కోడ్ వస్తుంది, అప్పుడు మార్చాల్సిందే. ఇక్కడ మాత్రం అది తన పని తాను నమ్మకంగా చేసింది.

మెకానిక్ మానిఫోల్డ్ మార్చి, కొత్త ప్యాకింగ్ వేశాడు. తర్వాత మొట్టమొదట తీసేసిన సెన్సర్ ఏదని అడిగాడు. వ్యాపారి డిక్కీలో మూల నుంచి దాన్ని తీసిచ్చాడు. దాని మరల మీద మాత్రమే జిడ్డు మందు రాసి, మొనకు తగలకుండా, 22 నంబరు పానాతో బిగించాడు. అప్పుడు స్కానర్ పెట్టాడు. పాత సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగింది. అది ఆరోగ్యంగా ఉన్న సెన్సర్ లక్షణం. లైటు మళ్లీ వెలగలేదు.

వ్యాపారి ఇంటికి వెళ్లకుండా నేరుగా కొట్టుకు వెళ్లాడు. కొత్త కుర్రాడు ఆ సాయంత్రం కూడా కాయలు తగ్గాయని భయంభయంగా చెప్పాడు. వ్యాపారి కోప్పడలేదు. లాంతరు పట్టుకుని రాశి చుట్టూ తిరిగాడు. కాలవ వైపు దడి కింద ఒక కంత ఉంది. నేల అటే వాలుగా ఉంది. రాశి కదిలినప్పుడల్లా కాయలు దొర్లి కాలవలో పడి కొట్టుకుపోతున్నాయి. కంత పూడ్పించి, తెల్లారగానే పాత గుమాస్తా ఇంటికి వెళ్లి, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కుర్రాణ్నీ ఉంచుకున్నాడు.

మన ఇంట్లో, కొట్లో, ఊళ్లో ఎవరైనా రోజూ ఒకే చేదు మాట చెబుతుంటే, వాళ్ల నోరు మూయించేముందు, వాళ్లను మార్చేముందు, ఆ మాట ఎక్కడి నుంచి పుట్టిందో ఒక్కసారి వెళ్లి చూడండి. కారులో పసుపు లైటు వెలిగినా అంతే. కోడ్ చెరిపించడానికి తొందరపడకండి, సెన్సర్ కొనేముందు చల్లటి ఇంజిన్ చప్పుడు వినమని మీ మెకానిక్‌ని అడగండి.