బయానా ఇచ్చినవాడు కాయ అడుగుతాడు

మా నూజివీడు వైపు మామిడి కోతలూ ఎన్నికలూ ఒకే ఎండల్లో వస్తాయి. 2014లో మే 7న, 2019లో ఏప్రిల్ 11న, 2024లో మే 13న పోలింగ్ జరిగింది. ఆ రోజుల్లో మా తాండాల వాళ్లు సగం మంది తోటల్లోనే ఉంటారు. కొందరు కాపలా, కొందరు చిక్కాలు పట్టుకుని కోత, కొందరు గ్రేడింగు. ఓట్లు అడిగేవాళ్లు కూడా మమ్మల్ని వెతుక్కుంటూ తోటలకే వస్తారు.

అలాంటి ఒక ఎన్నికకు రెండు రోజుల ముందు, తోట పాకలో ఉన్న మా యాడి చేతికి ఒక కవరు వచ్చింది. మర్నాడు రెండో పక్షం వాళ్లు ఇంకో కవరు తెచ్చారు. ఇద్దరూ ఆమె చేత సేవాలాల్ మహరాజ్ పటం మీద చెయ్యి వేయించారు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. తెల్లవారి నన్ను అడిగింది: "ఇద్దరి ఉప్పూ తిన్నానురా. ఇప్పుడు ఎవరికి వెయ్యాలి?"

చదువుకున్నవాడిని కదా, వెంటనే చట్టం చెప్పాను. ఓటుకు డబ్బు ఇవ్వడం, తీసుకోవడం రెండూ నేరమే, ఏడాది దాకా జైలు పడవచ్చు అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "సరే, నేను తీసుకోవడం తప్పే. మరి ఈ కవరు ఇచ్చినవాడికి ఎవడిచ్చాడు? వాడు ఎవరి పటం మీద చెయ్యి వేసి వచ్చాడు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర అప్పుడు జవాబు లేదు. ఈ వ్యాసం ఆ జవాబు వెతకడానికే.

ముందు ఒక్క ఓటు సంగతి చూద్దాం. "నా ఒక్క ఓటుతో ఏమవుతుంది?" అనే మాట మనలో చాలామంది అంటారు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. 2014లో మంగళగిరి అసెంబ్లీ స్థానంలో ఆళ్ల రామకృష్ణారెడ్డి 12 ఓట్లతో, 2019లో విజయవాడ సెంట్రల్‌లో మల్లాది విష్ణు 25 ఓట్లతో గెలిచారు. మంగళగిరి, విజయవాడ మాకు దూరం కావు. ఒక తాండాలో ఒక వరుస ఇళ్ల వాళ్లు ఆ రోజు తోటకు కాకుండా బూత్‌కు వెళితే, లేదా బూత్‌కు వెళ్లకుండా తోటకు వెళితే, అలాంటి ఫలితం తారుమారు అయ్యేది. రాష్ట్రం మొత్తం మీద కూడా 2014లో గెలిచిన కూటమికీ ఓడిన పార్టీకీ మధ్య ఓట్ల తేడా రెండు శాతం లెక్కలోనే ఉంది. ప్రభుత్వం ఎవరిదో తేల్చింది ఆ కొద్దిపాటి ఓట్లే.

పోటీ హోరాహోరీగా ఉన్నప్పుడు పేదవాడి ఓటుకు విలువ పెరగాలి. విలువ పెరిగిన మాట నిజమే గానీ, అది పెరిగింది సంతలో. ఖాయంగా గెలిచే చోట ఎవరూ ఎక్కువ ఖర్చు పెట్టరు, ఖాయంగా ఓడే చోట అసలు పెట్టరు. అటో ఇటో తేలనిచోటే డబ్బు వచ్చి పడుతుంది. కాపు తక్కువైన ఏడాది కాయకు ధర వచ్చినట్టే ఇదీ. ప్రజాస్వామ్యంలో మనకు ఎక్కువ బలం ఉండాల్సిన చోటే మనల్ని ఎక్కువ డబ్బు పెట్టి కొంటున్నారు. నన్ను బాధపెట్టే మొదటి విషయం ఇది.

ఆ డబ్బు ఎక్కడిది? అసెంబ్లీ అభ్యర్థి పెట్టగల ఖర్చుకు మన రాష్ట్రంలో చట్టం గీసిన గీత 40 లక్షల రూపాయలు. ఇప్పుడు ఒక చిన్న లెక్క వేయండి. ఒక నియోజకవర్గంలో లక్ష మందికి తలా వెయ్యి ఇస్తే పది కోట్లు. అది ఒక్క పక్షానిది. నలభై లక్షల సంచిలో పది కోట్లు పట్టవు. అభ్యర్థి ఖర్చుకు గీత ఉంది కానీ, పార్టీ తన పేరు మీద పెట్టే ఖర్చుకు గీతే లేదు. అందుకే ఎవరో ఒకరు వెనక నిలబడి ఇవ్వాలి. ఆ ఇచ్చే చెయ్యి పేరే విరాళం.

విరాళం అంటే మంచి మాటే. మా తాండాలో తీజ్ పండగకు చందా వేసుకుంటాం. ఉన్నవాడు ఐదు వందలు, లేనివాడు యాభై ఇస్తాడు. ఎవరు ఎంత ఇచ్చారో అందరి ముందూ చదివి వినిపిస్తారు. ఎక్కువ ఇచ్చినవాడికి చప్పట్లు కొడతారు, అంతే. పండగ వాడిది అయిపోదు, మొలకల బుట్ట వాడి ఇంటికి పోదు. చందాకు ఉన్న మూడు గుణాలు ఇవి: అందరూ ఇస్తారు, అందరికీ తెలుస్తుంది, తిరిగి ఏమీ అడగరు.

మామిడి తోటల్లో ఇంకో రకం డబ్బు ఉంది. దాన్ని బయానా అంటాం. పూత మీద ఉండగానే వ్యాపారి వచ్చి రైతు చేతిలో డబ్బు పెడతాడు. రైతుకు ఆ రోజు మందు కొట్టడానికి, ఎరువుకు, పిల్లల ఫీజుకు డబ్బు కావాలి. వ్యాపారి మంచివాడే అనుకుందాం, నవ్వుతూనే ఇస్తాడు. కానీ ఆ క్షణం నుంచి ఆ కాయ రైతుది కాదు. ఎప్పుడు కొయ్యాలో, ఎవరికి అమ్మాలో, తరుగు ఎంత తియ్యాలో రైతు చెప్పలేడు. పక్క మండీలో ధర ఎక్కువ పలికినా తోలుకెళ్లలేడు. బయానా పుచ్చుకున్న రైతు దొంగ కాదు, అబద్ధాలకోరూ కాదు. మాట మీద నిలబడే మనిషి. అతణ్ని కట్టిపడేసేది కూడా ఆ నిజాయితీయే.

రాజకీయ పార్టీలకు పెద్ద కంపెనీలు ఇచ్చేది చందానా, బయానానా? నా మాట పక్కన పెట్టి, రికార్డులో ఉన్నది చూద్దాం.

ఒకప్పుడు కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతానికి మించి పార్టీలకు ఇవ్వకూడదని చట్టం ఉండేది. 2017లో ఆ హద్దు తీసేశారు. లాభం లేని కంపెనీ కూడా ఇవ్వవచ్చు అన్నారు. నష్టాల్లో ఉన్న రైతు గుడికి లక్ష రూపాయలు ఇస్తే ఊరంతా ఎక్కడిదిరా అని అడుగుతుంది. 2018 జనవరిలో ఎన్నికల బాండ్ల పథకం వచ్చింది. స్టేట్ బ్యాంకులో బాండు కొని పార్టీకి ఇస్తే, ఇచ్చినవారి పేరు బ్యాంకుకు తెలుస్తుంది, ఓటరుకు తెలియదు. ఆరేళ్ల తర్వాత, 2024 ఫిబ్రవరి 15న, సుప్రీంకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ పథకాన్ని కొట్టేసింది. ఎవరి డబ్బుతో పార్టీ నడుస్తోందో తెలుసుకునే హక్కు ఓటరుకు ఉందని చెప్పింది. వ్యక్తి ఇచ్చే విరాళం వేరు, కంపెనీ ఇచ్చే విరాళం వేరు, రెండోది వ్యాపార లావాదేవీయే అని కూడా అంది. మా తోటల భాషలో చెప్పాలంటే, అది చందా కాదు, బయానా.

ఆ మార్చిలో లెక్కలు బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి పార్టీలు మార్చుకున్న బాండ్లలో భారతీయ జనతా పార్టీకి ఆరు వేల కోట్లకు పైగా వెళ్లాయి. తెలంగాణలో 2023 డిసెంబరు దాకా పాలించిన బీఆర్ఎస్‌కు సుమారు 1,214 కోట్లు, మన రాష్ట్రంలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు సుమారు 337 కోట్లు, తెలుగుదేశానికి సుమారు 219 కోట్లు. బాండ్లు వద్దన్న పార్టీలూ ఉన్నాయి. సీపీఎం వాటిని తీసుకోకపోవడమే కాదు, వాటి మీద కోర్టుకు వెళ్లింది. కొన్నవాళ్ల జాబితాలో రెండో పెద్ద పేరు హైదరాబాద్ కంపెనీ మేఘా ఇంజనీరింగ్‌ది, 966 కోట్లు. ఆ కంపెనీ బాండ్లు వైఎస్సార్ కాంగ్రెస్‌కూ వెళ్లాయి, తెలుగుదేశానికీ వెళ్లాయి.

ఇక్కడ ఒక మిత్రుడు నాతో వాదించాడు. "ఇద్దరికీ ఇస్తే ఎవరికీ పక్షపాతం లేనట్టే కదా? అటు బరువు, ఇటు బరువు సమానం" అన్నాడు. నేను తోట సంగతి చెప్పాను. ఒకే వ్యాపారి పక్కపక్కన ఉన్న రెండు తోటలకూ బయానా ఇస్తాడు. గాలివానకు ఒక తోట రాలిపోతే రెండో తోట కాస్తుంది. ఏ తోట కాసినా కాయ అతనిదే. రెండు తోటల రైతులూ ఒకరితో ఒకరు గట్టు తగాదా పడుతూ ఉంటారు, అది వేరే విషయం. హోరాహోరీ ఎన్నికలో మనం 12 ఓట్లతో ఒకరిని గెలిపించి మార్పు తెచ్చామని అనుకుంటాం. ఇద్దరికీ ఇచ్చినవాడు ఆ రాత్రి ప్రశాంతంగా నిద్రపోతాడు. ఓటు తేల్చాల్సిన దాన్ని ఓటు ముట్టుకోకుండానే పక్కకు తప్పించడం ఇది.

ఆ మిత్రుడి రెండో వాదన ఇంకా బలమైనది. "విరాళాలు లేకపోతే పేదవాడు ఎలా నిలబడతాడు? మీ తాండా పిల్లవాడు పోటీ చేస్తే జీపు అద్దె ఎవరిస్తారు?" అన్నాడు. నిజమే. అసెంబ్లీకి ఎస్టీ అభ్యర్థి డిపాజిట్ ఐదు వేలే, మిగతావారిలో సగం. డిపాజిట్ కట్టడం కష్టం కాదు, ఆ తర్వాతి నెలే కష్టం. అందుకే నేను విరాళాన్ని తప్పు అనడం లేదు. చందాను చందాగా ఉంచమంటున్నాను. పది వేల మంది యాభై రూపాయలు ఇస్తే ఐదు లక్షలు. ఆ ఎమ్మెల్యే పది వేల మందికి రుణపడతాడు, అంటే ఊరికే రుణపడతాడు. ఒక్కడు ఐదు కోట్లు ఇస్తే ఆ ఒక్కడికే రుణపడతాడు. రుణం రెండుచోట్లా ఉంది. ఎవరికి అన్నదే తేడా.

ఈ తేడా మనలాంటి వాళ్లకు ఎందుకు ముఖ్యమో పక్క రాష్ట్రం ఒడిశా చెబుతుంది. నియమగిరి కొండ మీద బాక్సైట్ తవ్వకానికి వేదాంత కంపెనీ కోసం అంతా సిద్ధమైంది. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, ఆ కొండ మీద బతికే డోంగ్రియా కోందుల గ్రామసభలనే అడగమంది. 12 గ్రామసభలు పెట్టారు. పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలిచింది. ఆ మరుసటి ఏడాది, 2014 మార్చి 28న, ఢిల్లీ హైకోర్టు ఇంకో తీర్పు చెప్పింది. వేదాంతకు చెందిన కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండూ విరాళాలు తీసుకుని విదేశీ విరాళాల చట్టాన్ని అతిక్రమించాయని. తర్వాత ఏమైంది? 2016లో, 2018లో ఆ చట్టాన్నే వెనకటి తేదీ నుంచి, 1976 నుంచి, మార్చేశారు. ఆ విరాళానికీ ఆ కొండకూ ముడి పెట్టి నేనేమీ అనడం లేదు. ఒకటే అంటాను. ఇచ్చేవాడికి కావలసినవి చాలాసార్లు మన కాళ్ల కింద ఉంటాయి, పుచ్చుకునేవాడు ఎక్కడో దూరంగా ఉంటాడు. ఆ బేరంలో మనం లేము, సరుకు మాత్రం మనదే. పన్నెండు గ్రామసభల్లో మాత్రం బేరం సాగలేదు. అక్కడ మనుషులు అందరి ఎదుట లేచి నిలబడి మాట్లాడారు.

ఇప్పుడు యాడి ప్రశ్నకు వస్తాను. పటం మీద చెయ్యి వేసి ఇచ్చిన మాటకు కట్టుబడాలా?

మాట తప్పకూడదని మనకు పెద్దలు నేర్పారు. కానీ ఏ మాట? తోట కాపలాదారు దగ్గరికి ఎవడో వచ్చి వెయ్యి రూపాయలు పెట్టి, "ఈ చెట్టు కాయ నాది, ఒట్టు పెట్టు" అంటే, ఒట్టు పెట్టినా ఆ కాయ వాడిది కాదు. కాపలాదారుకు కాయ అమ్మే హక్కు లేదు కనక. తనది కాని దాన్ని ఇస్తానన్న మాట మొదటి నుంచే చెల్లదు. ఆ మాటకు కట్టుబడటం నిజాయితీ కాదు, రెండో తప్పు. ఓటు కూడా అలాంటిదే. అది మన జేబులో ఉన్నా మనదొక్కటే కాదు. మన ఓటుతో వచ్చిన ప్రభుత్వం పక్క తాండా మీదా, పుట్టబోయే పిల్లల మీదా ఐదేళ్లు పాలిస్తుంది. మనం దానికి కాపలా మాత్రమే. డబ్బు తీసుకోవడం తప్పు, తీసుకున్నందుకు ఓటు ఇచ్చెయ్యడం అంతకంటే పెద్ద తప్పు.

ఇదే న్యాయం ఎమ్మెల్యేకూ వర్తిస్తుంది, ఇంకా గట్టిగా వర్తిస్తుంది. కొండ, ఇసుక, చెరువు, పట్టా, కాంట్రాక్టు ఏవీ అతని సొంతం కాదు. వాటిని చూపించి బయానా పుచ్చుకుంటే ఆ మాటా చెల్లదు. కానీ యాడికీ అతనికీ ఒక తేడా ఉంది. యాడి లోపలికి వెళ్లి రహస్యంగా బటన్ నొక్కుతుంది, ఆమె చేతిని ఎవరూ చూడలేరు. ఆ రహస్యమే ఆమెకు విడుదల. ఎమ్మెల్యే చెయ్యిని ఇచ్చినవాడు ప్రతిరోజూ చూస్తూనే ఉంటాడు. రహస్యం పేద ఓటరును కాపాడుతుంది, అదే రహస్యం డబ్బిచ్చేవాడి చేతిలో పడితే దోపిడీని కాపాడుతుంది. అందుకే ఓటు గుట్టుగా ఉండాలి, విరాళం రట్టు కావాలి. బాండ్ల పథకం ఇచ్చేవాడి పేరుకు ముసుగు వేసింది, కోర్టు ఆ ముసుగు తీసింది. బాండ్లు పోయినా బయానాలు పోలేదు, దారులు మారాయి అంతే.

మనం చేయగలిగింది చిన్నదే. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో ప్రతి అభ్యర్థీ ఖర్చు లెక్క ఇవ్వాలి. అది ఎవరైనా అడిగి చూడవచ్చు. ఇరవై వేలు దాటిన విరాళాల పేర్లు పార్టీలు ఎన్నికల సంఘానికి ఇవ్వాలి. ఆ కాగితాలు తెచ్చి తీజ్ చందా చదివినట్టే తాండాలో చదవవచ్చు. ఎవరు ఎంత ఇచ్చారో విన్నాక, ఆ ఏడాది ఏ పని ఎవరికి దక్కిందో మా వాళ్లే లెక్క కడతారు. తరుగు లెక్కల్లో మోసపోయి మోసపోయి లెక్కలు నేర్చుకున్నవాళ్లు మా వాళ్లు.

యాడి ఆ రోజు ఎవరికి వేసిందో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కాపలాదారు మాట చెప్పినప్పుడు తల ఊపింది. "అయితే ఒట్టు పోయింది. మరి డబ్బు?" అంది. ఆ డబ్బు అప్పటికే మందులకు ఖర్చయిపోయింది. ఆ రెండు కవర్ల రుణం తన మీద ఇంకా ఉందనే ఆమె ఈనాటికీ అంటుంది. వేల కోట్లు పుచ్చుకున్న వాళ్లలో ఒక్కరైనా ఆ మాట అనగా నేను వినలేదు.