చీర ఇంకా మగ్గం మీదే ఉందా?

అమ్మణ్ణీ,

నువ్వు పంపిన లింకు చూశాను. మంచి మాట ముందు చెబుతా. చీరలు బాగున్నాయి, ఫొటోలు ఇంకా బాగున్నాయి. అనంతపురం గడియార స్తంభం దగ్గర ముప్పై ఏళ్లు స్టూడియో నడిపినవాణ్ణి, ఊరికే మెచ్చుకోను. కిటికీ వెలుతురులో జరీ మెరుపును అట్లా పట్టడం చేతకావడానికి నాకు పదేళ్లు పట్టింది.

ఇక రెండో మాట. ఆ లింకు నేను తెరిచింది ఇంట్లో కాదు, కళ్యాణదుర్గం పక్క పల్లెలో చుట్టాలింటి అరుగు మీద. ఫోన్లో సిగ్నల్ ఒకటే గీత. పక్కన ఒక అవ్వ చేటలో చెనక్కాయలు వలుస్తోంది. మనవరాలి పెళ్లికి చీర చూడాలంటే, ‘మా మేనకోడలు ధర్మవరం చీరలు అమ్ముతుంది, చూడవ్వా’ అని గొప్పగా ఫోన్ చూపించాను. పైన ఒక అంగుళం చీర వచ్చి ఆగింది. ఇంకో అంగుళం వచ్చి ఆగింది. అవ్వ కళ్లు చికిలించి చూసి, ‘ఏందప్పా, చీర ఇంకా మగ్గం మీదనే ఉండాదా? నేసినాక చూపియ్యి’ అంది. అరుగు మీద అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ కొంగు కనబడేసరికి అవ్వ చేట తీసుకొని లోపలికి పోయింది. బేరమూ ఆమెతోనే పోయింది.

తప్పెక్కడుందో లెక్కేసి చూడు. నీ ఫోన్ తీసే ఫొటో వెడల్పు 3,000 చుక్కలు (పిక్సెళ్లు), ఎత్తు 4,000 చుక్కలు. మొత్తం 1.2 కోట్ల చుక్కలు, బరువు 4 ఎంబీ. అట్లాంటివి 24 పెట్టావు, అంటే 96 ఎంబీ. సెకనుకు 2 మెగాబిట్లు వచ్చే చోట అవన్నీ దిగడానికి ఆరు నిమిషాలు పైనే. ట్యాంకరు నీళ్లను బిందెల లెక్కన వాడుకున్న ఊళ్లు మనవి. డేటానూ అట్లాగే చూసుకుంటారు. రోజుకు ఒక జీబీ ప్యాకు వేసుకున్నవాళ్లకు నీ పేజీ ఒక్కటే అందులో పదో వంతు తాగేస్తుంది. పేజీలో ఫొటో చిన్నగానే కనబడుతోంది కదా అనుకోకు. కనబడేది చిన్నదైనా దిగేది మొత్తం ఫొటోనే. జాకెట్టు ముక్క అడిగితే తానంతా మోసుకొచ్చినట్టు!

ముందు కొలత తగ్గించు. ఫోన్లో చూసేవాళ్లకు 900 బై 1,200 చుక్కలు చాలు. చుక్కలు పదకొండో వంతుకు దిగుతాయి. తరువాత క్వాలిటీ 75, 80 మధ్య పెట్టి సేవ్ చెయ్యి. ఫొటో 150 కేబీ అటూ ఇటూ వస్తే 24 కలిపినా నాలుగు ఎంబీ దాటవు. గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ ఫార్మాట్‌లో పెడితే ఇంకా తగ్గుతాయి. కింద ఉన్న ఫొటోలు అక్కడికి వెళ్లినప్పుడే దిగేట్టు లేజీ లోడింగ్ పెట్టించు. మొదటి తెర మీద నాలుగు చీరలుంటే అదే సిగ్నల్లో రెండున్నర సెకన్లలో వచ్చేస్తాయి.

తగ్గిస్తే చీర అందం పోతుందని నీ భయం. మీ నాయన లేపాక్షి గుడి పైకప్పు బొమ్మల్లోని డిజైన్లను గళ్ల కాగితం మీదకు ఎక్కించి, దాన్నిబట్టి జకార్డు అట్టలకు రంధ్రాలు కొట్టించడం చిన్నప్పటినుంచీ చూస్తున్నావు కదా. ఫొటోలను నొక్కి చిన్నవి చేసే జేపెగ్‌దీ గళ్ల పనే. ఫొటోను ఎనిమిది బై ఎనిమిది గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలోని వెలుగునీడలను 64 రకాల అలల కలయికగా రాసుకుంటుంది. పెద్ద అలలను ఉంచుకొని, కన్ను పట్టుకోలేని సన్నటి అలలను వదిలేస్తుంది. ఈ లెక్కను 1974లో కాగితం మీద పెట్టింది ముగ్గురు: బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కె. ఆర్. రావు. ఆ రావుగారు కామిశెట్టి రామమోహన రావు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, ఆర్లింగ్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలు పాఠాలు చెప్పారు. 1992లో వచ్చిన జేపెగ్ ఆ లెక్క మీదే నిలబడింది.

అయితే మన చీరకు ఒక చిక్కుంది. మన కన్ను వెలుగులో తేడాను పట్టినంత బాగా రంగులో తేడాను పట్టదు. అందుకని జేపెగ్ చాలాసార్లు రంగుల వివరాన్ని ఎక్కువ కోస్తుంది. ధర్మవరం చీర ప్రాణమంతా పెద్దంచులో, ఒంటికీ అంచుకీ రంగు మారే గీతలో ఉంది. ఎర్ర చీరకు పచ్చంచు ఉందనుకో, ఆ గీత దగ్గర రంగు చెమ్మగిల్లినట్టు అలుక్కుపోతుంది. కాబట్టి చీర మొత్తం చూపే ఫొటోను గట్టిగా నొక్కు. అంచును, జరీని దగ్గరగా చూపే ఒక్క ఫొటోకు మాత్రం క్వాలిటీ 90 ఉంచు, రంగుల కోత ఆపేయి. డబుల్ షేడు చీరలకైతే రెండు వైపుల మెరుపూ ఫోన్లో పెట్టి కళ్లారా సరిచూసుకో. మగ్గం దగ్గరివాళ్లు వాట్సాప్‌లో మామూలుగా పంపే ఫొటో అప్పటికే నలిగి వస్తుంది, డాక్యుమెంటుగా పంపమను. ఫొటోలో ఇంటి లొకేషన్ దాగి ఉండొచ్చు, ఉంటే అదీ తీసేయి.

చివరిది నా తప్పు, నా నోటితోనే చెబుతా. స్టూడియోకు డిజిటల్ కెమెరా వచ్చిన కొత్తలో హార్డ్‌డిస్కు నిండిపోతోందని ఫొటోలన్నీ చిన్నవి చేసి, అసలు వాటి మీదే సేవ్ చేశాను. రెండేళ్లకు ఒకామె వచ్చింది. నాన్న పోయాడట, గోడకు పెట్టే పెద్ద ఫొటో కావాలంది. నా దగ్గర మిగిలింది అగ్గిపెట్టంత. పెంచితే ఆయన కళ్లు గళ్లు గళ్లుగా వచ్చాయి. ఆమె ఏమీ అనలేదు, ప్రింటు తిరగేసి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నెగటివ్ పారేసిన ఫొటోగ్రాఫరు ఎక్కడన్నా ఉంటాడా? నేనున్నాను. ఒకసారి పారేసిన వివరం మళ్లీ రాదు. అసలు ఫొటో వేరే చోట రెండు కాపీలు దాచు. చిన్నది ఎప్పుడు చేసినా ఆ అసలు నుంచే చెయ్యి.

అంతా సరిచేసినాక బెంగళూరులో వైఫై ఉన్న స్నేహితురాలికి కాదు, ముందు నాకు పంపు. నేను మళ్లీ ఆ అరుగు మీదే కూర్చొని తెరుస్తా. అవ్వ చేట తీసుకొని లేచేలోపు కొంగు కనబడాలి.

మీ మామ