ఎఱుగక చేసిన కీడు

తెలియక చేసిన కీడు దోషమగునా, కాదా యను ప్రశ్న మిక్కిలి పాతది. తెలియక త్రొక్కినను నిప్పు కాల్చక మానదని పెద్దలందురు. తెలియనివానిని దండించుట ధర్మము గాదనియు వారే యందురు.

అల్పవ్యయముతో తీయబడిన పాత బ్రిటిషు నేరచిత్రములలో నొక తెఱగు కథ కలదు. అందు హంతకుడుండడు. విషము పొరపాటున నొక యింటికి చేరును. దానిని వెదకుటయే కథ. సీసా దొరకగానే చూపరి నిట్టూర్చి లేచిపోవునేకాని, ఆ పొరపాటు ఎట్లు పుట్టెనని యడుగడు. అడుగవలసిన యా ప్రశ్నను ఆ దేశముననే నిజముగా జరిగిన యొక విపత్తు మన యెదుట నిలుపుచున్నది.

1858వ సంవత్సరము అక్టోబరు 30వ తేదీన బ్రాడ్‌ఫర్డు పట్టణపు అంగడివీథిలో విలియం హార్డేకర్ అనునతడు పిప్పరమెంటు బిళ్లలు అమ్మెను. ఆ కాలమున చక్కెర ప్రియము. కావున మిఠాయి చేయువారు అందు ‘డాఫ్’ అను చౌకపొడిని, అనగా ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వంటి తెల్లని పిండిని, కలుపుట వాడుక. బిళ్లలు చేయించు జోసెఫ్ నీల్ ఆ పొడికై చార్లెస్ హాడ్జ్‌సన్ అను మందుల వర్తకుని యొద్దకు మనిషిని పంపెను. వర్తకుడు జబ్బుగా నుండెను. అతని సహాయకుడు అటకమీద మూలనున్న పీపానుండి 12 పౌనుల తెల్లని పొడి తూచి యిచ్చెను. అది పాషాణము! సుమారు 20 మంది మరణించిరి. 200 మందికి పైగా జబ్బుపడిరి. మొదట పోయిన యిద్దరు పిల్లలను కలరాయే కబళించెనని జనులు తలచిరి.

వర్తకునిపైనను, సహాయకునిపైనను, నీల్ పైనను నరహత్యాభియోగము తేబడెను. ఎవరికిని శిక్ష పడలేదు. చంపవలెనను తలంపు వారిలో నొక్కనికిని లేదు గదా!

అయినను మనస్సు ఊరడిల్లదు. బిళ్లలు చేసిన పనివానికి చేయుచుండగనే ఒడలు చెడెను, పని ఆగలేదు. సరకు ఎప్పటివలె లేదని హార్డేకర్ కనిపెట్టెను. కనిపెట్టి, ధర తగ్గింపుమని బేరమాడి, తగ్గిన ధరకు కొనెను. తానును తిని జబ్బుపడెను. చదువరులారా, ఇందు మనము నిలిచి చూడవలసినది ఈ బేరమునే. అనుమానము అతని వాకిట నిలిచి పిలిచినది. అతడు దానికి బదులు పలుకక, వెల కట్టెను.

మఱియు నొక మాట. పాషాణము పొరపాటున పడినది. కాని పిండి మాత్రము తెలిసియే పడుచుండెను. పిల్లల నోటికి పోవు వస్తువులో తినదగనిదానిని కలుపుట తప్పుగా నెంచని వాడుకయే ఆ పీపాకు దారిచూపినది. తెలిసి చేయు చిన్న తప్పు తెలియక జరుగు పెద్ద కీడునకు తలుపు తీసియుంచును.

దోషము అందఱిదైనచో ఎవ్వరిదియు కాదని కొంద ఱనవచ్చును. అప్పు పదుగురు పంచుకొన్న తగ్గునేమో. బాధ్యత యట్లు తగ్గదు. నలుగురిలో ఏ యొక్కడు ఆగి యడిగియున్నను ఆ పిల్లలు బ్రదికియుందురు. కావున నలుగురిలో ప్రతివాని బాధ్యతయు పూర్ణమే. ఎఱుగమి దోషము కాదు. ఎఱుగుటకు వచ్చిన యవకాశమును త్రోసిపుచ్చుట దోషము.

ఆ దేశమువారు ఈ పాఠమును కొంత నేర్చిరి. ఆహారపు కల్తీని అరికట్ట 1860లో నొక చట్టమును, విషముల విక్రయమును మందుల వర్తకమును కట్టుబాటు చేయ 1868లో మఱియొక చట్టమును చేయుటకు ఈ విపత్తు తోడ్పడెను. చట్టము పీపాపై చీటి నంటింపగలదు; ఆ చీటిని చదువు శ్రద్ధను మాత్రము మనుష్యునకు ఈయజాలదు.

మన యింట పానీయపు సీసాలో కిరసనాయిలు పోసి గూటిలో నుంచునపుడు మన మనస్సు ఒక్క క్షణము వెనుకాడును. ఆ వెనుకాటును చాదస్తమని నవ్వి త్రోసివేయకుందము. పాపము చేయకుండ మనలను కాచునది అనేక పర్యాయములు ఆ యొక్క క్షణమే.