రెండోసారి తాకిన చేయి

బేత్సయిదా ఊళ్లో చూపులేని ఒకతన్ని యేసు దగ్గరికి తీసుకొచ్చారు. ముట్టుకుంటే చాలు, బాగైపోతాడని తెచ్చినవాళ్ల నమ్మకం. యేసు అతని చెయ్యి పట్టుకుని ఊరి బయటికి నడిపించాడు. కళ్లమీద ఉమ్మివేసి, చేతులుంచి, ఏమైనా కనిపిస్తోందా అని అడిగాడు. మనుషులు కనిపిస్తున్నారు గానీ నడిచే చెట్లలా ఉన్నారన్నాడతను. ఆయన మళ్లీ చేతులుంచాడు. అప్పటికి అన్నీ తేటగా కనిపించాయి.

నాలుగు సువార్తల్లో మార్కు ఒక్కడే, 8వ అధ్యాయంలో, ఈ సంగతి రాశాడు. యేసు చేసిన అద్భుతాల్లో చాలావాటిలో మాట వెలువడగానే పని జరిగిపోతుంది. ఇక్కడ మాత్రం రెండు విడతలు పట్టింది. నీ విశ్వాసం చాలలేదని యేసు అతన్ని తప్పుపట్టలేదు. అడిగాడు, విన్నాడు, మళ్లీ తాకాడు.

అతని జవాబులోనే అసలు ధైర్యం ఉంది. కళ్లు తెరిపించినవాడే ఎదురుగా నిలబడి అడుగుతుంటే, ‘అయ్యా, అంతా బాగా కనిపిస్తోంది’ అనేయడం ఎంత తేలిక! అతను మొహమాటపడలేదు. ఉన్నదున్నట్టు చెప్పాడు కాబట్టే ఆ చెయ్యి మళ్లీ అతని కళ్లమీదికి వచ్చింది.

మన ప్రార్థన కూటాల్లో ఈ మొహమాటం ఎక్కువ. ఆపరేషనై ఆర్నెల్లు గడిచినా నొప్పి తగ్గని తల్లి, సాక్ష్యం చెప్పమంటే లేచి, ప్రభువు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడని చెప్పి కూర్చుంటుంది. ఇంటికెళ్లాక చాటుగా మాత్ర వేసుకుంటుంది. నిజం చెబితే విశ్వాసం లేదంటారని భయం. అనేవాళ్లూ లేకపోలేదు. పౌలు తన శరీరంలోని ముల్లు తొలగించమని మూడుసార్లు వేడుకున్నాడు. అది తొలగలేదు. దాన్ని భరించే కృప మాత్రం దొరికింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరనగలరు? ఆయనతో కలిసి తిరిగిన లూకా వైద్యుడే. మందు మింగినంత మాత్రాన దేవుణ్ని నమ్మనట్టు కాదు.

పౌలులా బాధ తొలగకుండానే పనిచేసినవాళ్లు మన దగ్గర్లోనూ ఉన్నారు. రాయలసీమ నుంచి వైద్యానికి వెళ్లేవాళ్లకు వేలూరు సీఎంసీ ఆస్పత్రి కొత్త కాదు. అక్కడి వైద్యురాలు మేరీ వర్గీస్‌కు 1954లో కారు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని, నడుము నుంచి కింది భాగం చచ్చుబడింది. కాళ్లు ఇక లేవలేదు. అయినా కూర్చుని చేయగల పని ఒకటి మిగిలింది. అక్కడి శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో, కుష్ఠు వల్ల వంకరపోయిన చేతులకు ఆమె చక్రాల కుర్చీలోంచే ఆపరేషన్లు చేశారు.

అలాంటి ఆపరేషన్లలో ఒకటుంది. బొటనవేలు పనిచేయనప్పుడు, ఉంగరపు వేలిని వంచే తంతువుల్లో ఒకదాన్ని మళ్లించి బొటనవేలికి కుడతారు. కట్టు విప్పాక బొటనవేలు కదలాలంటే, రోగి ఉంగరపు వేలిని వంచుతున్నట్టు తలచుకోవాలి. మొదట్లో అంతా తికమక. రోజూ సాధన చేయగా చేయగా, గ్లాసు పట్టుకోవాలనుకోగానే బొటనవేలు దానంతటదే ముందుకొస్తుంది. కత్తి పని గంటల్లో ముగుస్తుంది. ఆ చెయ్యి మళ్లీ తనదవడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆ నెలల్లో రోగి పక్కన ఎవరో ఒకరు ఉండాలి. మేరీ వర్గీస్ న్యూయార్క్‌లో పునరావాస వైద్యం నేర్చుకుని వచ్చి, ఆ తోడు ఇచ్చే పనికే అంకితమయ్యారు. 1966లో వేలూరులో పునరావాస కేంద్రం మొదలైంది. 1972లో ఆమెకు పద్మశ్రీ ఇచ్చారు. తన కాళ్లు బాగుకాకుండానే ఆమె ఎందరినో బాగుచేశారు.

నిదానంగా కోలుకునేవాళ్లను కుంగదీసేది నొప్పి ఒక్కటే కాదు, దేవుడు పని సగంలో వదిలేశాడన్న అనుమానం కూడా. బేత్సయిదా కథ ఆ అనుమానాన్ని తీరుస్తుంది. మొదటిసారి తాకడానికీ రెండోసారి తాకడానికీ మధ్య యేసు ఎక్కడికీ పోలేదు. మసక చూపుతో అతను నిలబడి ఉన్నంతసేపూ చేయి చాపితే అందేంత దగ్గరలోనే ఉన్నాడు.

కాబట్టి ప్రార్థనలో ఈరోజు ఎలా ఉందో అలాగే చెప్పుకుందాం. మంచాన పడ్డవాళ్లను చూడబోయినప్పుడు ముందు అడుగుదాం, ఆపైన విందాం. ‘ఇంకా తగ్గలేదు, నాకోసం ప్రార్థించండి’ అన్నది కూడా సాక్ష్యమే. దానికీ గట్టిగా ఆమెన్ చెప్పే సంఘంలో, బలం లేనివాళ్లకు బలం దొరుకుతుంది.