పరీక్ష పెట్టకండి

ఫిట్స్ తగ్గాక మనిషి నిన్నటి మాట మరిచిపోతే, "నిన్ననే చెప్పానుగా!" అని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు, పాపం ప్రేమతోనే. మెదడులో నమోదే కాని మాట ఎంత గుచ్చి అడిగినా బయటికి రాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్‌కు మూర్ఛ తగ్గించడానికి, మెదడులో రెండువైపులా, కొత్త సంగతులు నమోదు చేసే హిప్పోక్యాంపస్‌లో చాలా భాగం తీసేశారు. ఆపైన కొత్త సంగతులు ఆయనకు నిలిచేవి కావు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం గీయడం రోజురోజుకూ మెరుగుపడింది. ఇదివరకు గీసినట్టే ఆయనకు తెలియదు! అంటే అలవాటు దారి వేరన్నమాట. అందుకే మాత్రల డబ్బా, తాళంచెవులు ఎప్పుడూ ఒకేచోట ఉండాలి, చెప్పిన పని క్యాలెండర్‌లో రాయాలి.

రాసిపెడితే బుర్ర మొద్దుబారదా అంటారు కొందరు. నిలదీసినందువల్ల పదునెక్కిందీ లేదు, కంగారు పెరగడం తప్ప. పైగా కొన్ని మూర్ఛ మందులూ మరుపు తెస్తాయి. అలాగని సొంతంగా మాత్ర ఆపితే ప్రమాదం. ఫిట్స్ తేదీలు కూడా రాసిన ఆ క్యాలెండర్‌నే డాక్టరుకు చూపించండి.