ఫలం ఆశించొద్దని కృష్ణుడు ఎవరికి చెప్పాడు?

పోయిన వీడియోలో కర్మయోగం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో నేను చెప్పకుండా దాటేసిన విషయం ఒకటుంది. అది నా తప్పు. అందుకే ఇక్కడ రాస్తున్నా.

మాది తుమ్మలపల్లె. అమ్మ పుట్టిల్లు జమ్మలమడుగు. చిన్నప్పుడు సెలవులకు పులివెందుల, ముద్దనూరు మీదుగా బస్సులో వెళ్లేవాళ్లం. వీధి మలుపులోనే మగ్గం చప్పుడు వినిపించేది. మా మామది గుంత మగ్గం. గుంతలో కాళ్లు పెట్టుకుని తొక్కుతూ, చేత్తో తాడు లాగితే నాడె అటూ ఇటూ పరిగెత్తేది.

నిలువు పోగులు పడుగు, అడ్డం పోగులు పేక. పడుగు అయిపోతే కొత్త పోగుల్ని పాత పోగుల కొసలకు ఒక్కొక్కటిగా అతకాలి. వేల పోగులు! అత్త గంటలకొద్దీ కూర్చుని అతికేది. ఒక్క పోగు తప్పినా చీర పొడవునా గీత పడుతుంది. మన కోడ్ లాగా తర్వాత ప్యాచ్ వేసుకోవడం కుదరదు.

బృహదారణ్యకోపనిషత్తులో గార్గి ప్రశ్న ఈ మగ్గం భాషలోనే ఉంటుంది. ఈ లోకాలన్నీ దేనిలో పడుగూ పేకలా అల్లుకుని ఉన్నాయని జనకుడి సభలో యాజ్ఞవల్క్యుణ్ణి అడుగుతుంది. ఓతప్రోతం అనే మాట అక్కడిదే. చివరికి ఆయన చెప్పిన జవాబు అక్షరం, అంటే నాశనం లేనిది. అంత పెద్ద ప్రశ్న అడగడానికి ఆమెకు దొరికిన పోలిక నేతే చూడండి.

ఇక నా తప్పు. ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఫ్రెండ్ వాళ్లింట్లో పెళ్లికని మామ దగ్గర చీర తీసుకున్నా. ఆయన చెప్పిన ధరలో వెయ్యి తగ్గించమన్నా. పైగా నవ్వుతూ, "నీ పని పూజ లాంటిది కదా మామా, ఫలం ఆశించొద్దని కృష్ణుడే చెప్పినాడు" అన్నా.

మామ కోప్పడలేదు. "నిజమే అల్లుడా. మగ్గంలో కూర్చుంటే నాకు దుడ్లు గుర్తుకు రావు. దిగినాక అంగడి బాకీ గుర్తొస్తాది. నీ గీత ఆ అంగడాయనకు కూడా చెప్పిపోదువు రా" అన్నాడు.

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒకటో తేదీన నా జీతం పడకపోతే నేను ఇదే మాట అంటానా?

రెండో అధ్యాయం నలభై ఏడో శ్లోకం అర్జునుడికి చెప్పింది, అతని మనసు గురించి చెప్పింది. పనిచేసేవాడు తనకు తాను చెప్పుకోవాల్సిన మాట అది. పని చేయించుకున్నవాడు ఎదుటివాడికి చెప్తే అది కర్మయోగం కాదు, బేరం. మూడో అధ్యాయంలో అదే కృష్ణుడు, దేవతలు ఇచ్చింది అనుభవిస్తూ తిరిగి ఏమీ ఇవ్వనివాణ్ణి దొంగ అన్నాడు. ఆ శ్లోకం యజ్ఞం గురించే కావచ్చు. కానీ ఇప్పుడు అది చదివినప్పుడల్లా నాకు ఆ వెయ్యి రూపాయలే గుర్తొస్తాయి.

1905 ఆగస్టు 7న కలకత్తాలో స్వదేశీ ఉద్యమం మొదలైంది. ఆ గుర్తుగా 2015 నుంచి ఆగస్టు 7ని జాతీయ చేనేత దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆరోజు స్టేటస్ పెట్టడంతో ఆపేయకండి. ఈసారి అమ్మవారికి చీర పెట్టేటప్పుడు అది మగ్గం మీద నేసిందేనా అని అడగండి, చేనేత ముద్ర ఉందేమో చూడండి. నేసినవాళ్ల దగ్గరే కొంటుంటే బేరమాడకండి. బేరమాడి మిగుల్చుకున్న డబ్బు హుండీలో వేసినా ఆ బాకీ తీరదు.

ఆ సాయంత్రమే మిగతా వెయ్యి ఇచ్చేశా. మామ లెక్కపెట్టుకుని జేబులో పెట్టుకున్నాడు. "దా, అన్నం తిందాం" అన్నాడు. అంతే.

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. జై శ్రీకృష్ణ.