తితిక్షయు ఔషధమును

“తలలో ఒక ప్రక్క సమ్మెటతో మోదినట్లు నొప్పి పుట్టును. వెలుతురు చూడలేము; చప్పుడు వినలేము. జపమాల చేతబట్టినను మనస్సు మంత్రముపై నిలువదు. వైద్యుడు క్రొత్త మాత్ర యొకటి వ్రాసియిచ్చెను. దానిని వేసికొన్నచో తితిక్షకు లోపము రాదా? ప్రారబ్ధమును అనుభవించియే తీర్చుకొనవలెను గదా?” అని సాధకులు కొందరు అడుగుచుందురు. ఈ ప్రశ్న మాత్రను గూర్చినది మాత్రమే కాదు. దేహమునకు మన మేమి ఋణపడియున్నాము? దుఃఖమును సహించుట యనగా నేమి? ఈ రెండు విషయములును దీనిలో ఇమిడియున్నవి. కావున తొందరపడి సమాధాన మీయరాదు.

ముందుగా వ్యాధిస్వరూపమును తెలిసికొందము. ఇది మన పూర్వులు ఎరుగని వ్యాధి కాదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రమున చెప్పబడిన 11 శిరోరోగములలో అర్ధావభేదక మొకటి. తలయందు సగభాగమును భేదించునది యని ఆ పేరే చెప్పుచున్నది. తెలుగువారు పార్శ్వపునొప్పి యందురు; నేటి వైద్యులు మైగ్రేన్ అందురు. చికిత్స లేనిచో ఇది 4 గంటలు మొదలు 72 గంటల వరకు బాధించును. కొందరికి నొప్పికి ముందు కన్నులయెదుట వంకర వెలుగుగీతలు కదలాడును. పురుషులకంటె స్త్రీలలో ఇది రెండు మూడు రెట్లు అధికముగా కనబడును. ముఖమునకును మెదడు పొరలకును స్పర్శజ్ఞానము నిచ్చు ట్రైజెమినల్ నాడి ఉద్రేకము చెందుటయు, దాని కొనలనుండి సి.జి.ఆర్.పి. యను పదార్థము వెలువడుటయు దీనిలో ముఖ్యభాగమని శాస్త్రజ్ఞులు గుర్తించిరి. సామాన్యపరీక్షలలో ఇది బయటపడదు. అందువలన రోగి నొప్పితోడనే గాక, “పని తప్పించుకొనుటకు పడుకొన్నది” యను ఇంటివారి మాటతోను బాధపడవలసివచ్చును. కనబడని బాధ కల్పితమైన బాధ కాదు.

దీనికి మందు వెదకుట నూరేండ్లకు మించిన కథ. రై ధాన్యపు వెన్నులకు పట్టు బూజునుండి 1918లో స్విట్జర్లాండునందు ఆర్థర్ స్టోల్ ఎర్గోటమిన్ అను పదార్థమును వేరుచేసెను. అది రక్తనాళములను సంకోచింపజేసి పలువురకు ఉపశమన మిచ్చెను. కాని వికారమును హెచ్చించెడిది; మోతాదు మించినచో కాలుసేతులకు రక్తము సరిగా అందకుండ చేసెడిది. 1990వ దశాబ్ది ఆరంభమున సుమట్రిప్టాన్ వచ్చెను. ఇది పార్శ్వపునొప్పికై ప్రత్యేకముగా రూపొందింపబడినది. ఐనను హృద్రోగులకు తగదు. 2019 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందిన ఉబ్రోజెపాంట్ రక్తనాళములను సంకోచింపజేయక, సి.జి.ఆర్.పి. పనిని అడ్డగించును. ఒక్కొక్క క్రొత్త మందు పాతదాని లోపము నొకదానిని తీర్చినది. అందరకును పనిచేయు మందు మాత్రము ఇంకను లేదు.

ఇక ప్రారబ్ధమును గూర్చిన సంశయము. నొప్పి వచ్చుట ప్రారబ్ధమైనచో వైద్యుడు దొరకుటయు ప్రారబ్ధమే. ఆకలి ప్రారబ్ధమని అన్నము మానువాడు లేడు. వాన ప్రారబ్ధమని చూరు విడిచి ముంగిట నిలుచువాడు లేడు. ఒక్క రోగవిషయమున మాత్రము, అందును ముఖ్యముగా పరులకు వచ్చిన రోగవిషయమున, కర్మసిద్ధాంతము మనకు జ్ఞప్తికి వచ్చును! కర్మ జరిగినదానికి కారణమును చెప్పును. ఇప్పుడు చేయవలసినదానిని నిషేధింపదు.

తితిక్షను గూర్చిన సంశయము ఇంతకంటె గట్టిది. శంకరభగవత్పాదుల పేర ప్రసిద్ధమైన వివేకచూడామణిలో తితిక్షకు మూడు లక్షణములు చెప్పబడినవి: దుఃఖమునకు ప్రతీకారము వెదకకుండుట, చింత లేకుండుట, విలాపము లేకుండుట. మొదటి లక్షణము ఔషధమును కాదనుచున్నట్లే యున్నది. ఈ మాటను మరుగుపరచి సమాధానము చెప్పుట న్యాయము కాదు. కాని అది ఎవరికి చెప్పబడినది? నిత్యానిత్యవివేకమును వైరాగ్యమును సంపాదించి, శమదమాదులతో కూడి, తత్త్వశ్రవణమునకు గురువు నాశ్రయించిన వానికి. ఎందులకు చెప్పబడినది? చలి, ఎండ, సుఖము, దుఃఖము మనస్సును దేహమువైపునకు ఈడ్చకుండుటకు. ఆ ప్రయోజనమును మరచి సాధనమును మాత్రము పట్టుకొన్నచో ఏమగును? మాత్ర మానిన సాధకుడు చీకటిగదిలో రెండుదినములు తల పట్టుకొని కూర్చుండును. ఆ రెండుదినములు అతని ధ్యానమంతయు తలమీదనే. దేహమును మరచుటకై చేసిన నియమము దేహమునే ధ్యేయము చేసినది.

మరియొకటి గమనింపుడు. మూడు లక్షణములలో సులభమైనది మొదటిది. మందు మానుట ఒక్క నిశ్చయముతో సాధ్యము. చింతను మానుట, నిట్టూర్పును మానుట, ప్రక్కవారిపై విసుగును మానుట జీవితమంతయు చేయవలసిన తపస్సు. మందును మాని చింతను మానని వానికి మిగిలినది నొప్పి యొక్కటే. మందు వేసికొనియు చింతావిలాపములను విడిచినవాడు తితిక్షలో రెండు భాగములు సాధించినవాడే. మూడును సాధింపగల ధీరుడు ఎక్కడనైన నున్నచో నమస్కరింపదగినవాడు. ఆతని వేషమును మనము ధరించుట మాత్రము ప్రమాదము.

గీతాచార్యుడు 17వ అధ్యాయమున, మూఢపు పట్టుదలతో తన్ను తాను పీడించుకొనుచు చేయు తపస్సును తామసమనెను. పతంజలి చిత్తవిక్షేపములను లెక్కించునపుడు వ్యాధిని మొదట పేర్కొనెను. ఇంకను రాని దుఃఖము తప్పింపదగినదని స్పష్టముగా చెప్పెను. చరకుడు మానవునకు ఉండదగిన మూడు ఏషణలలో ప్రాణైషణను ముందుంచి, ధనమును పరలోకమును దాని తరువాత చెప్పెను. వీరెవ్వరును దేహమే సర్వస్వమనినవారు కారు. దేహమును వాహనముగా నెంచినవారే వాహనమును బాగుచేసికొను మనిరి.

శ్రీరామకృష్ణుల అంత్యదినములు ఈ విషయమున మనకు మేలైన వ్యాఖ్యానము. 1885లో గొంతున వ్యాధి ప్రబలగా భక్తులు వారిని శ్యామపుకూరునకు, ఆ డిసెంబరులో కాశీపురపు తోటయింటికి తీసికొనిపోయిరి. డాక్టరు మహేంద్రలాల్ సర్కారు చికిత్స చేసెను. మనస్సును రోగస్థానమున నిలిపి వ్యాధిని పోగొట్టుకొనవచ్చునని పండిత శశధరుడు సూచింపగా, భగవంతున కిచ్చిన మనస్సును ఈ మాంసపంజరముపైకి ఎట్లు మరల్పగలనని వారు నిరాకరించిరి. కాని డాక్టరు ఇచ్చిన మందును నిరాకరింపలేదు, పథ్యమును నిరాకరింపలేదు, సేవించు శిష్యుల చేతులను త్రోసివేయలేదు. మనస్సు భగవంతునిది, గొంతు వైద్యునిది. ఈ విభజనమును గ్రహించినచో మన ప్రశ్నలో సగము తీరిపోవును.

ఈ వివాదము మన దేశముననే పుట్టినది కాదు. 1847లో ఎడింబరోలో జేమ్స్ సింప్సన్ ప్రసవవేదనకు క్లోరోఫారమును వాడగా, ఆ వేదన దైవవిధి యను ఆక్షేపణలకు ఆయన సమాధానము వ్రాయవలసివచ్చెను. ఆ క్లోరోఫారము కథలో మన హైదరాబాదునకును పాలున్నది. అచటి రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ నిజాము ప్రభుత్వ సహాయముతో 1888లోను 1889లోను హైదరాబాదు క్లోరోఫారము కమిషనులను నడపెను. శ్వాసను జాగ్రత్తగా కనిపెట్టియున్నచో చాలును, హృదయమునకు నేరుగా భయము లేదని ఆయన దృఢముగా వాదించెను. 1911లో లెవీ యను వైద్యుడు అది హృదయమును హఠాత్తుగా ఆపగలదని ప్రయోగపూర్వకముగా చూపెను. నొప్పిని తొలగింపవలెనను దయ మంచిదే, శ్రమయు నిజమైనదే, నిశ్చయము మాత్రము తొందరపడినది. క్రొత్తమందు విషయమున దయకు తోడుగా వివేక ముండవలెనని దీనివలన తెలియుచున్నది.

కనుక మాత్రను వేసికొనుటయు ఒక సాధనగా చేయవచ్చును. మొదటిది సత్యము. గుండెజబ్బు, రక్తపుపోటు, గర్భము, ఇతరములైన మందులు ఉన్నచో వైద్యునితో దాచక చెప్పవలెను. రెండవది కాలజ్ఞత. సుమట్రిప్టాన్ వంటి మందులు నొప్పి ముదరకముందే వేసికొన్నచో మేలుగా పనిచేయును. “ఇంకను ఓర్చుకొందును” అని పంతము పట్టి, చివరకు వాంతుల నడుమ వేసికొనుట ఓర్పును కాదు, వివేకమును కాదు. మూడవది సాక్షిభావము. ఒక్క పర్యాయముతో మందును పొగడను రాదు, తెగడను రాదు. రెండు మూడు పర్యాయములు చూచి, వేసికొన్న వేళ, తగ్గిన వేళ, కలిగిన వికారములు ఒక పుస్తకమున వ్రాసికొనవలెను. మందు లేని మాత్రతోడనే కొందరికి ఉపశమనము కలుగునని వైద్యపరీక్షలు చూపుచున్నవి. మన ఆశ మన అనుభవమును ఎంతగా రంగులు మార్చునో దీనివలన తెలియును. రొమ్ము బిగబట్టినట్లుండుట వంటిది తోచినచో వెంటనే వైద్యునికి తెలుపవలెను.

నాల్గవది మితము. ఇది అన్నిటికంటె ముఖ్యము. ట్రిప్టానులను నెలకు 10 దినములును అంతకు మించియు, సామాన్యపు నొప్పిమాత్రలను 15 దినములును అంతకు మించియు నెలల తరబడి వాడినచో ఆ మందువలననే తలనొప్పి స్థిరపడిపోవుట కలదు. దుఃఖనివారణకై పట్టుకొన్నది దుఃఖహేతు వగుటకు ఇంతకంటె స్పష్టమైన దృష్టాంతము ఏ వేదాంతగ్రంథమున కావలెను? ఇచట దోషము ఔషధమునది కాదు. నొప్పిరాకముందే దానికి జడిసి చేయి చాచు భయమునది. తరచుగా నొప్పి వచ్చువారు మాత్రలను పెంచుకొనుటకు మారుగా, నివారణచికిత్సను గూర్చి వైద్యు నడుగవలెను. గీత చెప్పిన యుక్తాహారము, యుక్తనిద్ర ఈ వ్యాధిలో అక్షరాల చికిత్సాభాగములు; భోజనము తప్పుటయు నిద్ర చెడుటయు పలువురకు నొప్పిని పిలుచును.

ఇంత చేసినను మందు పనిచేయకపోవచ్చును. ఎన్నో దినములుగా ఎదురుచూచిన మాత్ర వేసికొని, ఒక గంట గడచి, రెండుగంటలు గడచి, నొప్పి అట్లే యున్నపుడు మనస్సు “నాకు విముక్తి లేదు” అని కూలబడును. తితిక్షకు అసలు స్థాన మచ్చటనే యున్నది. చేయదగినదంతయు చేసిన తరువాత మిగిలిన బాధ కలదే, దానిని భగవంతుని సన్నిధిని సహింపవలెను. జపము సాగనిచో నామమును ఒక్కసారి తలచి ఊరకుండినను చాలును. నొప్పి యున్నది, నొప్పిని ఎరుగునది యొకటి యున్నది, ఎరుగునదానికి తలయు లేదు, పార్శ్వమును లేదు. ఈ విచారము ఆ క్షణమున నొప్పిని తగ్గింపకపోవచ్చును. విలాపమును మాత్రము తగ్గించును.

తుదకు ఒక మాట. తితిక్ష తన బాధకు చెప్పుకొనవలసిన ధర్మము. పరుల బాధకు చెప్పవలసినది దయ. ఈ రెంటిని తారుమారు చేయుటవలన మన యిండ్లలో ఎంతయో క్రౌర్యము భక్తిపేర చెల్లుచున్నది. నొప్పితో పడియున్న కోడలికి ఓర్పును బోధించు అత్తగారు, తన మోకాలినొప్పికి తైలము తెప్పించుకొనును గదా! స్వామి వివేకానందుని శిష్యుడు కల్యాణానందస్వామి 1901లో కన్ఖలున సేవాశ్రమమును నెలకొల్పి రోగులైన సాధువులకు మందు లిచ్చెనే గాని, సాధువులు కదా సహింపుడని ఊరకుండలేదు. ఇంట ఒకరికి పార్శ్వపునొప్పి వచ్చినపుడు దీపము తగ్గించుడు, మాటలు తగ్గించుడు, మాత్రయు మంచినీళ్ళును చేతి కందిచ్చి, వారి పని మీరు చేయుడు. ఆ దినమున అదియే మీ పూజ. ఆ రోగియు ఆ మాత్రను ప్రసాదమువలె స్వీకరించి, తగ్గినచో ఆ తేరుకొన్న గంటలను భగవంతునికి సమర్పించుగాక. తగ్గనిచో ఆ బాధనే సమర్పించుగాక.